పిలుపు వరుస

9 ఫిబ్రవరి 1981, సోమవారం

నాయన ఇవాళ మళ్లీ నా చెల్లోను డబ్బా అన్నాడు. నడిచే తోవలో పెట్టానట, గోడకు జరపాలట. చెల్లో అనే రెండక్షరాలకు ఆయన నోరు తిరగక కాదు. ఆయన సొంత తమ్ముడు, మా ఉప్పలయ్య చిన్నాయన, మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాల్లో బతుకంతా ఈ డబ్బానే వాయించాడు. నన్ను తన దగ్గర పెట్టుకుని నేర్పాడు. పోయేముందు ఇది భారతికే అన్నాడు. మనిషంత ఎత్తు ఫిడేలు లాంటిది, సామాన్ల పెట్టెలో వేయడానికి మనసొప్పక రైల్లో నా పక్క సీటు మీద కూర్చోబెట్టుకుని కాజీపేట దాకా తెచ్చాను. నాలుగేళ్లయింది. ఇంకా గోడకు జరుపుతూనే ఉన్నాను.

మా తాత గుడి ముందు సన్నాయి ఊదేవాడు, పెళ్లి ఊరేగింపుల్లో ఊదేవాడు. నాయన సన్నాయి వదిలి ఫిడేలు పట్టాడు. వీధిలో నిలబడి వాయించిన ఇంటిని వేదిక మీద కూర్చోబెట్టానని ఆయన గర్వం. అబద్ధమేం కాదు. హన్మకొండలో పాండురంగం మాస్టారి దగ్గరికి పిల్లల్ని పంపని ఇల్లు తక్కువ. ఆయన వాయిస్తుంటే అమ్మ వెనక కూర్చుని శ్రుతిపెట్టె వేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. నేను కూడా అమ్మ పక్కన కూర్చుని ఆయనకు మంద్రం పట్టాలని ఆయన కోరిక. వెనకాల ఇద్దరం ఉంటే నిండుగా ఉంటుందట.

అసలు సంగతి రాయనే లేదు. సంగీత సభ సెక్రెటరీ, వకీలు కిషన్ రావు గారు నేను సంగీతం చెప్పే బడికి వచ్చారు. ఉగాది కచేరీల్లో నాకు విడిగా అరగంట ఇస్తామన్నారు. నా పేరుతో. కీర్తనలు వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు, ఏదన్నా కొత్తది వాయించమన్నారు. ఏం కొత్తదో తెలియకుండానే సరే అన్నాను. ముప్పై రెండేళ్లొచ్చాక ఇదే మొదటిసారి. సంతోషంగా ఉంది.

12 ఫిబ్రవరి

ఏం వాయించాలో తోచడం లేదు. కీర్తన మొదలుపెడితే నాయన వాయించినట్టుంది. సినిమా పాట మొదలుపెడితే చిన్నాయన వాయించినట్టుంది. మధ్యలో నేనెక్కడున్నానా అని చూసుకుంటే తీగలు శ్రుతి తప్పాయని మాత్రం తేలింది.

15 ఫిబ్రవరి, ఆదివారం

దొరికింది.

మా బడిలో లెక్కలు చెప్పే సుగుణ వాళ్ల వీధిలో పోయిన నెల ఎల్లమ్మ కొలుపు జరిగింది. అక్కడ ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల కట్టయ్య జమిడిక వాయించగా విన్నాను. అప్పటి నుంచీ అది చెవిలోంచి పోలేదు. ఇవాళ చెల్లో వేసుకుని రిక్షాలో ఖిలా వరంగల్ వెళ్లాను. రిక్షా అతను ఇదెవరు, పేషెంటా అని అడిగాడు. గుడ్డ కప్పి పట్టుకున్నాను కదా మరి.

కట్టయ్య ఇల్లు రాతికోట దర్వాజా లోపల. నూనె పెట్టి దువ్విన జుట్టు, రెండు ఉంగరాలు, చేతికి గడియారం. గడియారం నడవదు. నేను వచ్చిన పని చెప్పగానే మొదట అడిగింది పోస్టర్ మీద తన పేరు పైన ఉంటుందా, కింద ఉంటుందా అని. పక్కపక్కనే ఉంటుందన్నాను. పక్కన అంటే కుడిపక్కా ఎడమపక్కా అన్నాడు. ఇట్లాంటి మనిషితో ఎట్లా వేగాలో అనుకున్నాను. జమిడిక చేతికి తీసుకున్నాక ఆ మాట మరిచిపోయాను.

ఇత్తడి చెంబుకు అడుగు తీసేసి తోలు మూసినట్టుంటుంది అది. తోలు మధ్య నుంచి ఒక నరం. నరాన్ని లాగి పట్టుకుని మీటుతుంటే స్వరం పైకి పాకుతుంది, వదులు చేస్తే కిందికి జారుతుంది. మధ్యలో మెట్లుండవు. నా చెల్లోకూ మెట్లు లేవు. ఆయన చంకలో ఇమిడే ఆ గొంతు, నా మోకాళ్ల మధ్య నిలబడే ఈ గొంతు ఒకే ఇంటివి అనిపించింది.

ఎల్లమ్మ కథలో దేవతను పిలిచే చోట ఒక వరుస ఉంది. దాన్ని పిలుపు అంటారు. చాలా చిన్నది. అడుగు నుంచి లేస్తుంది, పైకి పోతుంది, చివర్న కిందికి దిగకుండా అక్కడే ఆగిపోతుంది, తలుపు కొట్టి నిలబడ్డట్టు. నాకు ఒళ్లు జలదరించింది. మళ్లీ ఒకసారి అన్నాను. "ఊకూకె వాయించేది కాదు టీచరమ్మా" అన్నాడు. బెట్టు చేస్తున్నాడు. మహా విద్వాంసులందరికీ ఉన్న జబ్బే. ఏం ఫరవాలేదు, నా చెవికి ఒకసారి చాలు. రిక్షాలో వస్తూ దారంతా ఆ వరుసే పాడుకుంటూ వచ్చాను.

అరగంట నిండా దాన్నే పెంచుతాను. ఆలాపనలాగా మొదలుపెట్టి, పిలుపు దగ్గరికి తీసుకుపోయి, అక్కడ జమిడిక కలుస్తుంది. ఇంతవరకు ఎవరూ చేయలేదు.

17 ఫిబ్రవరి

పొద్దున బడికి పోయే ముందు సాధకం. పిలుపు తప్ప ఇంకేదీ ముట్టలేదు. ఒక సంగతి పడితే అది వేళ్లలోకి దిగేదాకా వదలొద్దని నాయన చిన్నప్పుడే నేర్పాడు. ఆయన పద్ధతిలోనే ఆయనకు నచ్చనిది చేస్తున్నాను. అదో సరదా.

చెల్లో కింది మేకు షాబాదు బండ మీద ఆనిస్తే స్వరం బండల్లోంచి ఇల్లంతా పాకుతుంది. వంటింటి గూట్లో గిన్నెలు కూడా సన్నగా మోగుతాయి. ఇవాళ అమ్మ చేతిలోంచి పళ్లెం జారింది. ఆ చప్పుడుకు ఆపాను. ఏం కాలేదంది.

18 ఫిబ్రవరి

మళ్లీ పళ్లెం. ఈసారి బియ్యంతో సహా.

20 ఫిబ్రవరి

అమ్మకు కళ్లు తిరుగుతున్నాయి. వంటింట్లో బండ మీద కూర్చుండిపోయింది, ఎంత పిలిచినా పలకలేదు, తర్వాత దానంతటదే లేచి పొయ్యి మీద పప్పు చూసుకుంది. దవాఖానకు తీసుకుపోయాను. బీపీ కొంచెం ఎక్కువుందట. గోళీలు రాసిచ్చారు. ఉప్పు తగ్గించమన్నారు. అమ్మ డాక్టరు మాట విన్నట్టు తలూపింది, ఇంటికొచ్చి మామిడికాయ తొక్కుతో అన్నం తిన్నది.

23 ఫిబ్రవరి

పిలుపుకు స్వరాలు రాద్దామని కూర్చున్నాను. రాయడం కుదరలేదు. గాంధారం రాస్తే గాంధారం కాదు. మధ్యమం రాస్తే అదీ కాదు. రెంటికీ మధ్య ఎక్కడో వేలు ఆగుతుంది, రోజూ అక్కడే ఆగుతుంది, అంటే తప్పు కాదు. నాయన గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. ఏ రాగం అని అడగకుండా ఉండలేడు. ఒక పేరన్నాడు, తనే కాదన్నాడు, ఇంకో పేరన్నాడు. చివరికి ఇది సంగీతం కాదు అని తేల్చి పోయాడు. పేరు పెట్టలేని దానికి ఆయన దగ్గర ఉన్న పేరు అదే.

ఆయన చిరాకు చూసి నాకు లోపల సంబరమైంది. తర్వాత భయమేసింది. ఆయన కుదరదన్నది నాకూ కుదరడం లేదు కదా.

26 ఫిబ్రవరి

అమ్మ బియ్యం చెరుగుతోంది. నేను ముందు గదిలో సాధకం చేస్తున్నాను. అద్దంలోంచి వంటింటి గుమ్మం కనిపిస్తుంది. చాట ఆగిపోయింది. అమ్మ కొప్పు ఊడింది. నడుము దగ్గర నుంచి మెల్లగా ఊగుతోంది, ముందుకూ వెనక్కూ, కళ్లు తెరిచే ఉన్నాయి. ముక్కుతో గట్టిగా ఊపిరి తీస్తోంది. నేను తీగల మీంచి కమాను ఎత్తాను. ఊగడం ఆగింది. కాసేపు అటూ ఇటూ చూసింది, ఎవరో వచ్చి ఏం చెప్పకుండా పోయినట్టు.

బీపీ ఉన్నవాళ్లకు ఇట్లా అవుతుందట. రెండూ ఒకేసారి ఆగడం కాకతాళీయం.

27 ఫిబ్రవరి

ఇవాళ కీర్తన వాయించాను. అమ్మ బాగానే ఉంది. గోళీలు పనిచేస్తున్నాయి.

28 ఫిబ్రవరి

పిలుపు వాయించాను. ఒక్కసారే. గోళీలు పనిచేయడం లేదు.

1 మార్చి, ఆదివారం

నాయన చూశాడు.

శిష్యులు పోయాక వంటింట్లోకి నీళ్లకు వెళ్లాడు. నేను వాయిస్తున్నాను. నన్ను నేను మోసం చేసుకోవడం ఎందుకు, ఆయన ఇంట్లో ఉన్నాడని తెలిసే వాయించాను. ఆయన అరిచాడు. నేను వెళ్లేసరికి అమ్మ జుట్టు విరబోసుకుని ఊగుతోంది. ఆగిపోయాక అమ్మను పడుకోబెట్టాం.

"అది బీపీ కాదు. శిగం" అన్నాడు నాయన.

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. అమ్మ పుట్టిల్లు పాలకుర్తి దగ్గర. వాళ్ల ఇంట్లో ఏటేటా కొలుపు ఉండేదట, అమ్మమ్మకు శిగం వచ్చేదట, అంటే ఎల్లమ్మ ఒంటి మీదికి వచ్చేదట. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక అవన్నీ బంద్. నాయనే బంద్ చేయించాడు. నాకు ఇవాళ చెప్పాడు, అదీ నా మీద కోపంలో. తన తండ్రి అట్లాంటి వాకిళ్లలో నిలబడి సన్నాయి ఊదితే తిండి చివర్న పెట్టేవాళ్లట, దూరంగా కూర్చోబెట్టి. అదంతా దాటుకొచ్చాను, నువ్వు మోసుకొచ్చి మళ్లీ నడింట్లో పెట్టినవు అన్నాడు. ఆ పాట ఈ ఇంట్లో వినబడొద్దన్నాడు.

ఇది నా కచేరీ అన్నాను. మీ అమ్మ కన్నా ఎక్కువా అన్నాడు. కాదన్నాను. అయితే ఆపమన్నాడు. ఆపనన్నాను. రెండు మాటలూ నావే. రెండూ నిజమే. ఏది ఎక్కువ నిజమో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

4 మార్చి

రెండు రోజుల నుంచి బడిలో, సంగీతం గదిలో సాధకం. ఆడపిల్లలు కిటికీలోంచి తొంగిచూసి నవ్వుతున్నారు. ఇక్కడ ఎవరికీ ఏమీ కావడం లేదు. పాట కూడా ఏమీ కావడం లేదు. చప్పగా ఉంది. బండలు లేవు, సిమెంటు గచ్చు. కారణం అదే అయ్యుంటుంది.

6 మార్చి

అన్నం పెడుతూ అమ్మ అడిగింది, ఇంట్లో ఎందుకు వాయించడం లేదని. నాయన వద్దన్నాడని చెప్పాను. చారు పోసింది. పోసిన దానిమీదే మళ్లీ పోసింది.

ఆమెకు తెలుసా? ఊగినప్పుడు తెలుస్తుందా? అడగాలంటే సిగ్గుగా ఉంది. తల్లిని అడిగే మాటలా అనిపించదు.

8 మార్చి, ఆదివారం

ఖిలా వరంగల్. కట్టయ్యకు చెప్పాను. మొదట నవ్వాడు. ముగ్గులతో పట్నం వేయలేదు, బోనం ఎత్తలేదు, వేపాకు లేదు, కట్టె డబ్బా మీద వాయిస్తే దేవత వస్తుందా అన్నాడు. ఎన్నిసార్లు వాయించావని అడిగాడు. రోజూ అన్నాను. రోజూ అంటే అన్నాడు. సాధకం అంటే ఏంటో చెప్పాను, ఒకే సంగతి మళ్లీ మళ్లీ, వేళ్లలోకి దిగేదాకా. ఆయన నవ్వు ఆగింది.

"ఊకూకె వాయించొద్దని చెప్పిన గదా. పిలుస్తవ్, వస్తది. వచ్చినంక ఏం గావాలె అని అడుగాలె. అడుగకుంట మళ్ల పిలుస్తవా? మళ్ల మళ్ల పిలుస్తవా?"

బెట్టు అనుకున్నాను కదా ఆ మాటను.

అయితే ఇప్పుడేం చేయాలన్నాను. ఆయనకూ సరిగ్గా తెలియదు. ఇట్లా సాధకం చేసినవాళ్లు వాళ్ల వంశంలో ఎవరూ లేరట. కాసేపు ఒకటన్నాడు, కాసేపు ఇంకోటన్నాడు. అడిగితే మంచిదేమో అన్నాడు. అడిగాక ఆమె ఏది కోరితే అది ఇవ్వాలి, ఇవ్వకపోతే అడగనే వద్దన్నాడు. తర్వాత పోస్టర్లు ఎప్పుడు పడతాయని అడిగాడు.

11 మార్చి

నేను చదువుకున్నదాన్ని. మద్రాసులో రికార్డింగ్ థియేటర్లలో కూర్చుని వాయించినదాన్ని. అమ్మకు జరుగుతున్నది మనసుకు సంబంధించింది. ఎప్పటివో జ్ఞాపకాలు, పుట్టింటి పాట. హైదరాబాదులో పెద్ద డాక్టరుకు చూపిస్తే చెప్తారు. ఉగాది కాగానే తీసుకుపోతాను.

ఉగాది కాగానే అని రాశాను. ముందే ఎందుకు కాదు?

14 మార్చి

పోస్టర్లు పడ్డాయి. చౌరస్తాలో చూశాను. భారతి, చెల్లో. కట్టయ్య, జమిడిక. కట్టయ్య కుడివైపు. అక్కడే నిలబడి కాసేపు చూసుకున్నాను. ఎవరన్నా చూస్తారేమోనని పక్క దుకాణంలో బట్టలు చూసినట్టు నటించాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ ముందు గదిలో ఉంది. చెల్లో మీది గుడ్డ తీసి, దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. నన్ను చూసి చెయ్యి తీయలేదు.

"ఇయ్యాల పిలుస్తవా?" అంది.

వాయిస్తావా అనలేదు. నేను వినలేదన్నట్టు చెప్పులు విడవడానికి బయటికి వచ్చాను. నా చెప్పులు అప్పటికే గుమ్మంలో ఉన్నాయి.

15 మార్చి

అడిగితే ఏం కోరుతుంది? చీర కోరితే ఇస్తాను. కొలుపు చేయించమంటే నాయనతో కొట్లాడైనా చేయిస్తాను. నాకు భయం వేరే. ఆ భయం ఏంటో రాయను.

18 మార్చి

ఒక ఉపాయం. పిలుపు చివర్న నిలిచిపోయే చోట నిలవకుండా షడ్జమంలోకి దించేశాను. మధ్యలోని ఆ గొడవ గాంధారాన్ని తిన్నగా చేశాను. ఇప్పుడు స్వరాలు రాయొచ్చు. ఇంట్లో వాయించాను. అమ్మకు ఏమీ కాలేదు. నాయన కూడా బాగుందన్నాడు, మోహనంలా ఉందన్నాడు. కిషన్ రావు గారు వచ్చి విన్నారు, పల్లెపాటకు ఇంత మర్యాద తెచ్చావమ్మా అని మెచ్చుకున్నారు.

అందరికీ నచ్చింది. నాకే నచ్చలేదు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు, కిషన్ రావు గారికి చాయ్ నేనే ఇచ్చాను.

20 మార్చి

ఇట్లా వాయించే కన్నా కచేరీ మానుకుంటే నయం. మానుకుంటే ఇక ఎప్పటికీ నాయన వెనకాలే. మానుకోను. అసలైన పిలుపే వాయిస్తాను. అమ్మను తీసుకురాను. హాలు ఇంటికి దూరం, అమ్మకు వినబడదు. అంతే. ఇందులో ఆలోచించడానికేముంది.

21 మార్చి

వినబడదు సరే. పిలవడమైతే పిలుస్తాను కదా.

22 మార్చి, ఆదివారం

జరిగినది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేనే మార్చేస్తాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. నాయన కుర్చీలో కునుకుతున్నాడు. నేను చెల్లో తీసుకున్నాను. ఎవరూ వద్దనలేదు. మేకు బండకు ఆనించి పిలుపు వాయించాను, కట్టయ్య వాయించినట్టే, చివర్న నిలబెట్టి. ఒక్కసారే. కమాను కింద పెట్టేశాను.

అమ్మ వంటింట్లోంచి నడిచి వచ్చింది. ఎప్పుడూ కూర్చున్నచోటే ఊగేది, ఇవాళ నడిచి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. వచ్చి నా ఎదురుగా బండ మీద కూర్చుంది. ఊగుతోంది. ఊపిరి బుసబుసమంటోంది. నాయన లేచాడు. అరుస్తాడనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు, డబ్బాలోంచి పసుపు తెచ్చి కలిపాడు. ఆ పని ఆయన చేతులకు తెలుసు. ఎక్కడా తడబడలేదు. చెంబు అమ్మ ముందు పెట్టి ఒక పక్కకు నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూశాను, ఆయన ఏదో ఒకటి చేస్తాడని.

"నా దిక్కు జూడకు. పిలిచినోళ్లే అడుగాలె" అన్నాడు.

అడిగాను. "ఏం గావాలె తల్లీ?"

"మస్తుసార్లు పిలిచినవ్" అంది అమ్మ. "ఒక్కసారన్న అడుగవైతివి."

ఆ గొంతు అమ్మదే, కానీ ఇంత పెద్దగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తప్పయింది అన్నాను. ఇప్పుడు అడుగుతున్నా, చెప్పమన్నాను.

"ఈ పాట నాకు ఇడిసిపెట్టు."

ఇదే. నేను రాయనన్నది ఇదే. రెండు వారాలుగా నాకు తెలుసు. అందుకే అడగలేదు.

నేను బేరం చేశాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ చేశాను. ఉగాదికి ఒక్కసారి వాయించి, ఆ తర్వాత నీకే ఇస్తానన్నాను. పోస్టర్లు పడ్డాయని కూడా అన్నాను. దేవతతో పోస్టర్ల సంగతి. నాయన తల దించుకున్నాడు. అమ్మ ఊగడం ఆపింది. నన్ను తిన్నగా చూసింది.

"నీకు నాలుగు తీగెలున్నయి బిడ్డా. నాకేమున్నది?"

నేను పసుపు నీళ్లలో చెయ్యి ముంచి అమ్మ చేతిలో వేశాను. ఇచ్చిన అన్నాను. ఇంక వాయించనన్నాను. ఏడుస్తూ అన్నాను, ఇష్టంతో అన్నానని అబద్ధం రాయలేను. అమ్మ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుని, తర్వాత వదిలింది. పక్కకు ఒరిగితే నాయన పట్టుకున్నాడు.

లేచాక నీళ్లు తాగింది. చింతపండు నానబెట్టిందో లేదో గుర్తు లేదంది. ఏం జరిగిందో గుర్తుందా అని నేను అడగలేదు.

దేవతలు తీగలు లెక్కపెడతారా? బిడ్డా అంటారా? అంటారట. దేవతకు అందరూ బిడ్డలేనట. నాయన చెప్పాడు. నాకు ఏం అర్థం కావడం లేదు. మాట ఇచ్చింది ఎవరికో కూడా తెలియదు. ఇచ్చింది మాత్రం నిజం, చేతికి పసుపు ఇంకా పోలేదు.

23 మార్చి

కోపంగా ఉంది.

24 మార్చి

ఇంకా కోపంగానే ఉంది. అమ్మ మీద ఉండొచ్చు. దేవత మీద కోపం తెచ్చుకునేంతటి దాన్ని కాదు.

26 మార్చి

కట్టయ్యకు చెప్పాను. పోస్టర్ పడ్డాక ఇదేం పని అని గట్టిగానే కొట్లాడాడు. నువ్వు వాయించకపోతే మానె, పిలుపు నేనొక్కణ్ణే వాయిస్తా, నాకు ఎవరూ ఒట్టు పెట్టలేదన్నాడు. తర్వాత ఎవరికిచ్చావని అడిగాడు. మా అమ్మకు అన్నాను. ఆమె పేరేంటన్నాడు. సమ్మమ్మ అన్నాను, ఊరు పాలకుర్తి దగ్గరన్నాను. వాళ్ల తల్లి పేరు చెప్తే ఆయన తండ్రి ఆ వాకిట్లో వాయించాడన్నాడు. నిజమో, కోపం దిగడానికి అన్నాడో. బోనం ఎత్తుకుని నడుస్తూ పాడే వరుస ఒకటుంది, అది వాయిద్దామన్నాడు. అది ఎన్నిసార్లు వాయించుకున్నా ఎవరూ రారట.

2 ఏప్రిల్

నడక వరుస బాగుంది. పిలుపంత లేదు. రోజూ బాగుందని రాసి, వెంటనే పిలుపంత లేదని కూడా రాస్తున్నాను. మానుకోవాలి.

5 ఏప్రిల్, ఉగాది

కచేరీ అయింది. హాలు నిండింది. చప్పట్లు బాగానే పడ్డాయి. జమిడికా చెల్లో కలిసినచోట ముందు వరుసలో ఒక పెద్దాయన తల అడ్డంగా ఆడించాడు, అది మెచ్చుకోలో కాదో తెలియలేదు. మధ్యలో నా వేళ్లు పిలుపు వైపు పోయాయి. నేను పంపలేదు. కట్టయ్య కనిపెట్టి జమిడిక మీద గట్టిగా ఒక దెబ్బ వేశాడు, వెనక్కి వచ్చేశాను. అది కూడా పాటలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడు కూడా వాయించాలని కిషన్ రావు గారు అన్నారు.

నాయన వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు. ఇంటికి వస్తుంటే చెల్లోను ఒక పక్క ఆయన పట్టుకున్నాడు. సంతోషంగా ఉన్నానా అంటే, ఉన్నాను. కావలసినంత లేను.

7 ఏప్రిల్, మంగళవారం

బడి నుంచి త్వరగా వచ్చాను. గుమ్మంలోకి వచ్చేసరికి వినబడింది.

అమ్మ పాడుతోంది. వంటింట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, పిలుపు. ఆమె పాడగా నేను ఎప్పుడూ వినలేదు. ముప్పై రెండేళ్లు ఆ మనిషి శ్రుతి వేయగా మాత్రమే విన్నాను. గొంతు కరుకుగా ఉంది. ఊపిరి మధ్యమధ్యలో తెగుతోంది. నేనూ కట్టయ్యా పైకి పోయే చోట ఆమె ఒక మెలిక తిరిగి పోతోంది, ఆ మెలిక మా ఇద్దరి దగ్గరా లేదు. చివర్న నిలబెడుతోంది, చాలాసేపు. మళ్లీ మొదలుపెడుతోంది. శిగం రాలేదు. చేతులు మామూలుగా గింజలు తీస్తూనే ఉన్నాయి. ఎందుకు రాలేదో నాకు తెలియదు, కట్టయ్యను అడిగినా రెండు రకాలుగా చెప్తాడు.

నాయన ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. శ్రుతి తప్పుతోంది. పక్కింటి పిల్ల శ్రుతి తప్పితే గోడ మీంచి అరిచే మనిషి. కళ్లు మూసుకుని వింటున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఈర్ష్య కూడా వచ్చింది, దాచుకోవడానికి ఇక్కడెవరున్నారు. నేను వాయించిన దాని కన్నా బాగుందని రాయను, బాగాలేదు. కానీ నేను వాయించిందేదీ దాని పక్కన నిలవదు. ఈ రెండు మాటలూ ఎట్లా కలుస్తాయో నాకు తెలియదు. ఎడమచేతి వేళ్లు తలుపు చెక్క మీద వాటంతటవే కదులుతున్నాయి, ఆమె ఎక్కడికి పోతే అక్కడికి. మాట ఇచ్చింది గుర్తొచ్చి చెయ్యి కొంగులో చుట్టుకున్నాను. గుమ్మంలోనే నిలబడి, పాట అయిపోయేదాకా విన్నాను.